‘చావ్’ అంటే ‘నీ బాంచన్’

పోయిన సంక్రాంతికి హన్మకొండలో అక్క వాళ్లింట్లో ఉన్నాను. మేనల్లుడు ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. అవతల మిలాన్ వాళ్లు. పని మాటలు అయిపోయాక వాడు నవ్వుతూ చెయ్యి ఊపి “చావ్, చావ్!” అన్నాడు. పక్కనే తెల్లగుడ్డ పరిచి సకినాలు చుడుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. “పండుగ పూట ఎవర్ని చావుమంటున్నవ్ రా?”

ఇటలీ వాళ్లు బై చెప్పేది అట్లాగేనని వాడు నచ్చజెప్పేసరికి అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. కాసేపటికి వాడు బండి తాళం తీసుకుని బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వెంటపడింది. “నీ బాంచన్ రా, రెండు తిని పో.”

ఈసారి నేనొక్కడినే నవ్వాను. తల్లీకొడుకులిద్దరూ పది నిమిషాల తేడాతో అన్నది ఒకే మాట. ‘చావ్’ అంటే అసలు అర్థం ‘నీ బాంచన్’, అంటే ‘నీ బానిసను’ అనే.

ఇటాలియన్‌లో బానిసను ‘స్కియావో’ అంటారు. వెనిస్ వాళ్ల యాసలో అది ‘స్చావో’. ఒకప్పుడు అక్కడి మర్యాదస్తులు ఎదురుపడితే ‘స్చావో వోస్త్రో’ అనుకునేవారు, అంటే ‘మీ బానిసను’. వాడగా వాడగా ‘మీ’ రాలిపోయింది, ముందున్న ‘స’ కూడా అరిగిపోయింది. మిగిలిందే ఇవాళ్టి చావ్.

కథ అక్కడితో ఆగితే చిన్న సరదా ముచ్చటే. కానీ ఆ ‘స్కియావో’ ఎక్కడిదని తవ్వితే మనసు చివుక్కుమంటుంది. ఫ్రెంచిలో ఎస్‌క్లావ్, స్పానిష్‌లో ఎస్క్లావో, పోర్చుగీసులో ఎస్క్రావో, జర్మన్‌లో స్క్లావె, ఇంగ్లీషులో స్లేవ్. అన్నీ ఒకే మాట. ఆ మాట మొదట ఒక స్థితికి పేరు కాదు, ఒక జాతికి పేరు. రష్యన్లు, పోల్‌లు, చెక్‌లు, సెర్బ్‌లు అందరినీ కలిపి పిలిచే స్లావ్ అన్న పేరే అది. ఆరో శతాబ్దంలో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) గ్రీకులు వాళ్లను ‘స్క్లావెనోయ్’ అని రాసుకున్నారు. ‘స్ల’తో మాట మొదలవడం గ్రీకు నాలుకకు అలవాటు లేదు కాబట్టి మధ్యలో ‘క’ వచ్చి చేరింది. అది లాటిన్‌లోకి వెళ్లి ‘స్క్లావుస్’ అయింది. దోపిడీలో దొరికిన సొత్తుకు సంబంధించిన వేరే గ్రీకు మాట నుంచి పుట్టిందని వాదించే భాషావేత్తలూ కొందరున్నారు గానీ, ఎక్కువమంది ఒప్పుకునేది జాతి పేరునే.

స్లావ్‌లు తమకు పెట్టుకున్న పేరుకు ‘స్లోవో’తో చుట్టరికం ఉందని పండితులు చాలామంది అంటారు. స్లోవో అంటే మాట. మాట తెలిసినవాళ్లం మేము అని అర్థం. పక్కనున్న జర్మన్లను వాళ్లు ‘నేమ్త్సీ’ అన్నారు, అంటే మూగవాళ్లు. మన భాష రానివాడు మూగవాడితో సమానమన్న పొగరు ఏ జాతికి లేదు కనక! ఆ ‘మూగ’ జర్మన్లే తర్వాత మాట తెలిసినవాళ్ల పేరును సంతలో సరుకు పేరుగా మార్చారు.

బానిసలను తెగ వాడుకున్న రోమన్ల దగ్గర వాళ్లకో పేరు లేదా అంటే, భేషుగ్గా ఉంది. ‘సెర్వుస్’. మరి కొత్త మాట ఎందుకు కావాల్సొచ్చింది? సామ్రాజ్యం కూలాక పొలం మీద ఉండే సెర్వుస్ పరిస్థితి మెల్లగా మారింది. వాడికో గుడిసె, చిన్న చెక్క. దొర పొలంలో ఊడిగం తప్పదు, ఊరు విడిచి పోవడానికి లేదు, అయినా పెళ్లాం బిడ్డల నుంచి విడదీసి సంతలో అమ్మేయడం తగ్గింది. వాడినే ఫ్రెంచిలో ‘సెర్ఫ్’ అన్నారు. పాత పేరు అటు జరిగిపోయింది. మరి గొలుసు వేసి నడిపించుకొచ్చి, పళ్లు చూసి, బేరమాడి కొనే మనిషిని ఏమనాలి? పదో శతాబ్దంలో ఒకటో ఒట్టో లాంటి జర్మన్ రాజులు తూర్పున స్లావ్‌ల మీద యుద్ధాలు చేస్తున్నారు. పట్టుబడ్డవాళ్లలో చాలామంది అప్పటికి క్రైస్తవులు కారు, కాబట్టి అమ్మడానికి మతం అడ్డు చెప్పలేదు. అప్పటి జర్మన్ రాతల్లోనే స్క్లావుస్ అంటే ‘స్లావ్’ అన్న అర్థం పోయి ‘బానిస’ అనే అర్థం స్థిరపడుతూ కనిపిస్తుంది.

ఆ సరుకంతా ఎటు పోయింది? చాలా భాగం స్పెయిన్‌కు. ఫ్రాన్స్‌లోని వెర్దన్ వర్తకులు కుర్రవాళ్లను నపుంసకులుగా చేసి స్పెయిన్‌కు అమ్మి విపరీతంగా లాభాలు తీశారని క్రెమోనా బిషప్ లియుట్‌ప్రాండ్ ఆ శతాబ్దంలోనే రాశాడు. అప్పుడు స్పెయిన్‌లో చాలా భాగాన్ని ఏలుతున్న కార్డోబా ఖలీఫాల కొలువులో వాళ్లను ‘సకాలిబా’ అన్నారు. అరబ్బీ వేషం వేసుకున్న అదే స్లావ్. పదకొండో శతాబ్దంలో ఆ ఖలీఫా రాజ్యం ముక్కలైనప్పుడు కొన్ని ముక్కలకు ఈ సకాలిబాలే పాలకులయ్యారు. స్కూల్లో మనం చదువుకున్న ఢిల్లీ బానిస వంశం గుర్తొస్తుంది.

అమ్మింది పరాయివాళ్లే అనుకుంటే పొరపాటు. పోలండ్‌లో గ్నియెజ్నో అనే ఊరి కెథడ్రల్‌కు పన్నెండో శతాబ్దపు కంచు తలుపులున్నాయి. వాటి మీద పద్దెనిమిది దృశ్యాల్లో సెయింట్ అడల్‌బర్ట్ జీవితం పోతపోశారు. ఒక దృశ్యంలో ఆయన ఒక రాజు ముందు నిలబడి బానిసలను విడిపించమని బతిమాలుతుంటాడు. ఆ రాజు జర్మన్ కాదు, అరబ్బూ కాదు. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా పాలకుడు బొలెస్లావ్. పేరు చివరే ‘స్లావ్’ ఉంది చూడండి (అది ‘కీర్తి’ అనే మరో మాట, అయినా గుచ్చుకుంటుంది). అడల్‌బర్ట్ ప్రాగ్ బిషప్‌గా ఉండి ఆ పదవి వదిలి వెళ్లిపోయాడు. అమ్ముడుపోతున్న వాళ్లందరినీ డబ్బిచ్చి విడిపించలేకపోవడం అందుకు ఒక కారణమని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెప్పారు.

తర్వాత మాట తన మనుషులను వదిలేసి సొంతంగా నడవడం మొదలెట్టింది. జెనోవా, వెనిస్ వర్తకులు నల్ల సముద్రం నుంచి తాతార్లనూ సిర్కాసియన్లనూ తెచ్చి అమ్మితే వాళ్లూ స్కియావీలే అయ్యారు. ప్లేగుతో పనివాళ్లు కరువైన ఫ్లోరెన్స్ 1363లో క్రైస్తవేతర బానిసల దిగుమతికి చట్టబద్ధంగా తలుపులు తీసింది. 1444లో పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో ఓడల నుంచి దించి పంచుకుని అమ్మింది ఆఫ్రికన్లను, వాళ్లకు పెట్టిన పేరు ఎస్క్రావో. నల్లజాతి మనిషికి తెల్లజాతి పేరు! అక్కణ్ణుంచి ఆ మాటలో స్లావ్‌ను వినేవాళ్లే లేకుండా పోయారు.

వెనిస్‌లో మాత్రం ఇప్పటికీ వినొచ్చు. సెయింట్ మార్క్ చౌక్ పక్క నుంచి నీటి వెంట సాగే బాట పేరు ‘రివా దెల్యి స్కియావోని’. బానిసల గట్టు అని పొరబడతాం గానీ, అది స్లావ్‌ల గట్టు. అడ్రియాటిక్ అవతల దల్మేషియా నుంచి వచ్చి పడవలు కట్టిన వర్తకుల పేరు మీద వచ్చింది. దాని మీద నడుస్తూ ఇద్దరు ‘చావ్’ అనుకుంటే, నేల మీదా నోటి మీదా ఉన్నది ఒకే మాట.

ఇలా వంగి పలకరించడం వెనిస్ వాళ్ల సొత్తు కాదు. ఆస్ట్రియా, బవేరియాల్లో ఇవాళ్టికీ స్నేహితులు ‘సెర్వుస్’ అనుకుంటారు, పాత లాటిన్ బానిసే. హంగరీ వాళ్లు దాన్ని ‘సెర్వూస్’ అని, ఆపైన అరగదీసి ‘సియా’ అని చేసుకున్నారు. మనమేమన్నా తక్కువా? ‘దాసోహం’ అంటే ‘నేను దాసుణ్ణి’ అనే. సెలవు చీటీ కింద ‘ఇట్లు తమ విధేయుడు’ అని రాయని వాడెవడు?

మాటలకూ విముక్తి దొరుకుతుందని, బానిసత్వం కరిగి పలకరింపుగా మారిందని ఈ చావ్ కథను తీయగా చెబుతుంటారు. నాకు అది మింగుడుపడదు. వెనిస్‌లో ‘మీ బానిసను’ అన్నవాడు నిజం బానిస కాడు. పట్టు కోటు వేసుకున్న పెద్దమనిషి మరో పెద్దమనిషితో ఆడిన మర్యాద నాటకం అది. నాటకం కాబట్టే అంత తేలిగ్గా అరిగింది. ‘బాంచన్ దొరా, నీ కాల్మొక్త’ అన్నవాడు నాటకమాడలేదు. అనకపోతే వీపు పగిలేది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం సాయుధంగా పోరాడింది ఆ మాట అనిపించుకునే దొరల గడీల మీదే. అందుకే అక్క ముద్దుగా ‘నీ బాంచన్’ అన్నప్పుడు కూడా, మా ఇంట్లో పెద్దవాళ్లకు అందులో వేరే గొంతు వినిపిస్తుంది. అమ్మమ్మ ఉన్న రోజుల్లో పిల్లలెవరైనా ఆట మధ్యలో ఆ మాటంటే ఊరుకునేది కాదు.

చిత్రమేమిటంటే, స్లావ్‌ల భాషల్లో బానిసకు స్లావ్ అన్న పేరు లేదు. రష్యన్‌లో బానిసను ‘రబ్’ అంటారు. అదే కుదురు నుంచి చెక్‌లో ‘రోబోటా’ వచ్చింది. దొర పొలంలో కూలి లేకుండా చేసే పని. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట వెట్టి. బొహీమియాలో దాన్ని వారానికి మూడు రోజులు మించకూడదని 1775లో చట్టం తెచ్చారు, 1848లో రద్దు చేశారు. చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకంలోని కృత్రిమ కూలీలకు ఏం పేరు పెట్టాలా అని తలపట్టుకుంటే, ‘రోబోట్’ అని అందించింది ఆయన అన్న, చిత్రకారుడు యోసెఫ్. 1921లో నాటకం ప్రాగ్‌లో ఆడాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. అంటే మన పిల్లలు ఎగ్జిబిషన్‌లో కొనిపించుకునే రోబో, పేరును బట్టి చూస్తే వెట్టివాడు.

పాత కంప్యూటర్లు విప్పినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకే కేబుల్‌కు రెండు హార్డ్ డిస్కులు తగిలిస్తే ఒకదాని వెనక చిన్న జంపర్‌ను ‘మాస్టర్’ పిన్నుల మీద, రెండోదానికి ‘స్లేవ్’ దగ్గర పెట్టాలి. ఏళ్ల తరబడి నేనూ గోటితో ఆ జంపర్లు పీకాను, ఒక్కసారీ ఆ మాట తట్టలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ పేర్లు తీసేస్తున్నారు. తీసేయనీ, నష్టమేం లేదు. పిన్ను పేరు మార్చడానికి ఎవరి జేబూ ఖాళీ కాదు కదా.

అడల్‌బర్ట్ పదవి వదిలి వెళ్లిన ప్రాగ్‌లో, చాపెక్ రోబోట్ల నాటకం ఆడిన అదే ప్రాగ్‌లో, ట్రామ్ దిగి ఎవరి దారిన వాళ్లు పోయే స్నేహితులు ఇప్పుడు ఒకరికొకరు ‘చౌ’ అని చెప్పుకుంటారు. ఇటలీ నుంచి తిరిగొచ్చిన తమ పేరే అది.