సవరణ: బాయిసీ స్టేట్ ఆఖరి ఎత్తులు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బౌల్ మ్యాచ్‌కి (కాలేజీ జట్ల సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌కి) ముందు ప్రత్యర్థి వీడియోలు ఎలా చూస్తారో మొన్న రాస్తూ, 2007 జనవరి 1న బాయిసీ స్టేట్, ఓక్లహోమా యూనివర్సిటీ జట్లు ఆడిన ఫియస్టా బౌల్ దగ్గర తప్పులో కాలేశాను. ‘స్టాట్యూ ఆఫ్ లిబర్టీ’ ఎత్తుతోనే బాయిసీ స్టేట్ స్కోరు సమం చేసిందన్నాను. కాదు. నాలుగో డౌన్ (బంతి చేజారకుండా ముందుకెళ్లడానికి ఆఖరి ప్రయత్నం), వెళ్లాల్సింది ఇంకా 18 గజాలు, గడియారంలో 18 సెకన్లు ఉండగా సమం చేసింది ‘హుక్ అండ్ లాటరల్’: బంతి అందుకున్న డ్రిసాన్ జేమ్స్ దాన్ని పక్కనుంచి పరిగెత్తుకొస్తున్న జెరార్డ్ రాబ్‌కి అందించాడు. 35-35.

స్టాట్యూ వచ్చింది ఓవర్‌టైమ్‌లో, టచ్‌డౌన్ తర్వాత ఒక పాయింట్ కిక్ బదులు గెలుపు కోసం ఎంచుకున్న రెండు పాయింట్ల ప్రయత్నంలో. బాయిసీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) జబ్రాన్‌స్కీ కుడి చేత్తో ఉత్తుత్తి త్రో విసిరాడు. బంతి మాత్రం వీపు వెనక ఎడమ చేతిలోనే ఉంది! ఇయాన్ జాన్సన్ దాన్ని లాక్కుని ఎడమకి దూరాడు. 43-42.

ఓక్లహోమా కోచ్‌లు వీడియోలు సరిగా చూడలేదన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. అది నా దురుసు. కుడివైపు ముగ్గురు రిసీవర్లు (విసిరిన బంతి అందుకునేవాళ్లు) నిలబడితే ఎవరైనా అటే చూస్తారు. అసలు ఆ ఎత్తు నడిచిందే అందుకు.