ప్యాచ్ ఉంది, వాడాల్సినవాళ్లకే అందడం లేదు

పెళ్లి ఫొటోలు తీసే చిన్న స్టూడియో ఒకటి అనుకోండి. సీజన్ అయ్యాక తీరిగ్గా కూర్చుని, 300 జీబీ ఉన్న ‘కొత్తవి’ ఫోల్డర్‌కి ఊరు, తేదీ కలిపి కొత్త పేరు పెట్టారు. ఫొటోల్లో ఒక్కటీ మారలేదు. అయినా ఆ రాత్రి వేరే ఊళ్లోని సర్వర్‌కి, ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసే ‘ఆర్‌సింక్’ ప్రోగ్రామ్‌తో బ్యాకప్ పెడితే 300 జీబీ మొత్తం మళ్లీ పంపడం మొదలవుతుంది. అప్‌లోడ్ స్పీడు 20 ఎంబీపీఎస్ అయితే దాదాపు 33 గంటలు! మధ్యలో కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ అదనం.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ తెచ్చిన ఆర్‌సింక్ గొప్పతనమంతా ఫైల్‌లో మారిన ముక్కను మాత్రమే పంపడంలో ఉంది. అయితే అవతల అదే పేరుతో పాత ఫైల్ ఉంటేనే ఆ తెలివి పనికొస్తుంది. పేరు మారిందా, దాని లెక్కలో అది కొత్త ఫైలే. దీనికి మందు ఎప్పుడో తయారైంది. ‘డిటెక్ట్-రీనేమ్‌డ్’ అనే ప్యాచ్ (అంటే ప్రోగ్రామ్ కోడ్‌కి విడిగా చేర్చుకునే చిన్న మార్పు) వేస్తే, అదే సైజు, అదే టైమ్ ఉన్న ఫైల్ అవతల వేరే పేరుతో ఉందేమో వెతికి దాన్నే వాడుకుంటుంది. ఏళ్లుగా ఈ ప్యాచ్ అసలు ప్రోగ్రామ్‌లో కలవకుండా, విడిగా ఉన్న ప్యాచ్‌ల కట్టలోనే ఉండిపోయింది.

కావాలంటే సోర్స్ కోడ్ దించుకుని, ప్యాచ్ వేసి, కంపైల్ చేసుకోవాలి, అంటే ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవాలి. సర్వర్‌లోనూ ఇదే పని మళ్లీ చేయాలి. ఫొటోగ్రాఫర్‌ని ఇది చేసుకోమనడం న్యాయమా?

ఎలాగో తంటాలు పడి చేసుకున్నా, అసలు చిక్కు ఆ తర్వాతే. 2025 జనవరిలో ఆర్‌సింక్‌లో ఆరు భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి సర్వర్‌లో బయటివాళ్లు తమ కోడ్ నడిపేంత ప్రమాదకరమైనది. వాటిని సరిచేస్తూ 3.4.0 వెర్షన్ వచ్చింది. లినక్స్ వాడేవాళ్లకి మామూలు అప్‌డేట్‌తో పాటే ఆ మరమ్మతు అందింది. సొంతంగా కంపైల్ చేసుకున్న కాపీని మాత్రం ఆ అప్‌డేట్ ముట్టుకోదు. పైగా సిస్టమ్ సాధారణంగా ముందు నడిపేది ఆ సొంత కాపీనే. అప్‌డేట్ అయిందన్న ధీమాతో లోపమున్న ప్రోగ్రామ్‌నే వాడుతుంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ప్యాచ్‌లన్నీ అసలు ప్రోగ్రామ్‌లో కలిపేయమని నేను అనను. ఆర్‌సింక్‌కి ఇప్పటికే వందకు పైగా ఆప్షన్లున్నాయి. బ్యాకప్ ప్రోగ్రామ్‌లో చిన్న తప్పు దొర్లినా పోయేది జనం డేటా. నిర్వాహకుల జాగ్రత్త సబబే. నిలకడగా పనిచేసినవాటిని వాళ్లు కలుపుకున్నారు కూడా. ఫైల్‌ని చివరిసారి తెరిచిన టైమ్‌ని భద్రపరిచే ‘ఎటైమ్స్’ ఎన్నో ఏళ్లు ప్యాచ్‌గా ఉండి, 2020లో 3.2.0 వెర్షన్‌తో లోపలికి వచ్చింది. కానీ అన్నేళ్లూ అది అవసరమైన మామూలు మనిషి ఏం చేయాలి?

దీనికి దారి చూపినవాళ్లున్నారు. మ్యాక్ వాడేవాళ్లకి ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసిపెట్టే హోమ్‌బ్రూ చాలాకాలం, ఫైల్‌కి ఉన్న ‘లాక్’ లాంటి గుర్తులను భద్రపరిచే ‘ఫైల్‌ఫ్లాగ్స్’ ప్యాచ్ వేసిన ఆర్‌సింక్‌నే ఇచ్చింది. ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయ్యేది, కొత్త వెర్షన్ వస్తే అప్‌డేట్ కూడా అలాగే వచ్చేది. డెబియన్ అనే లినక్స్ రకం ఒక్క ‘విమ్’ టెక్స్ట్ ఎడిటర్‌నే చిన్నది, పెద్దది, గ్రాఫిక్స్ ఉన్నది అంటూ వేర్వేరు ప్యాకేజీలుగా ఇస్తోంది. ఎడిటర్‌కి చేసిన ఆ ఏర్పాటు బ్యాకప్‌కి ఎందుకు చేయకూడదు? నాలుగైదు ముఖ్యమైన ప్యాచ్‌లు వేసిన ఆర్‌సింక్‌ని వేరే పేరుతో ప్యాకేజీ చేసి, ఏ ప్యాచ్‌లు వేశారో వెర్షన్ వివరాల్లోనే రాసి, భద్రతా మరమ్మతు వచ్చిన రోజే దానికీ అందించాలి. ఒక్కసారి వేసి వదిలేసే పని కాదు కాబట్టి ఆ భారం మోసేవాళ్లకి జీతం కూడా ఇవ్వాలి. ఆర్‌సింక్ మీద ఆధారపడి వ్యాపారం చేసే హోస్టింగ్ కంపెనీలకు అదేమంత పెద్ద ఖర్చు కాదు.