పావలా వడ్డీని బడిలోకి రానివ్వకండి

పాఠం పిల్లలకు సవాలుగా ఉండాలి, వాళ్ల జీవితానికి దగ్గరగా ఉండాలి అని ట్రైనింగుల్లో చెబుతుంటారు. ట్రైనింగు సాయంత్రానికి అయిపోతుంది. తరగతి మాత్రం మర్నాడు పొద్దున్నే మొదలవుతుంది, అదీ అరవై మందితో. కాబట్టి ఈ రెండు ప్రమాదాల నుంచీ గణితాన్ని ఎలా కాపాడుకోవాలో, సాధారణ వడ్డీ పాఠాన్ని పట్టుకుని సవివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందు క్షేమమైన పద్ధతి. బోర్డు మీద ఓ మూల 'పీటీఆర్ బై హండ్రెడ్' (అసలుని కాలంతో, రేటుతో గుణించి వందతో భాగించడం) అని రాసి చుట్టూ డబ్బా గీయాలి. అసలు 5000, రేటు 12 శాతం, కాలం 3 సంవత్సరాలు. వడ్డీ 1800. తర్వాత అంకెలు మార్చుకుంటూ పోవాలి. 45 నిమిషాల పీరియడ్‌లో ఎనిమిది లెక్కలు సునాయాసంగా అవుతాయి. మొదటిదానికి కాస్త బుర్ర కావాలి, మిగతా ఏడింటికీ పెన్ను చాలు. వరండాలోంచి హెడ్మాస్టరు తొంగి చూస్తే అరవై తలలూ వంచుకుని కనిపిస్తాయి. ఇంతకంటే చక్కటి క్రమశిక్షణ ఎక్కడుంటుంది?

జీవితానికి దగ్గరగా తేవడం కూడా కష్టమేమీ కాదు. 'ఒక వ్యక్తి' అని ఉన్నచోట 'అప్పారావు' అని రాస్తే చాలు. మరీ ఉత్సాహం ఉంటే క్రికెటర్ పేరు పెట్టవచ్చు. పీరియడ్ ప్లాన్‌లో 'అనుసంధానం' అనే విద్యాప్రమాణం ఎదురుగా 'నిత్యజీవిత సన్నివేశం' అని రాసుకుంటే రికార్డు కూడా పక్కాగా ఉంటుంది.

చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, పిల్లల ఇళ్లలో వడ్డీ శాతాల్లో ఉండదు, రూపాయల్లో ఉంటుంది. 'రెండ్రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకి రెండు. డ్వాక్రా సంఘాల్లో ఒకప్పుడు బాగా వినిపించిన 'పావలా వడ్డీ' అంటే నూటికి నెలకి పావలా, ఏడాదికి 3 శాతం. పుస్తకం ఏడాది లెక్కన మాట్లాడుతుంది, ఊరు నెల లెక్కన మాట్లాడుతుంది. ఈ రెండూ ఒకే గదిలో ఎదురుపడకుండా చూసుకోవడమే అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడి నేర్పు. ఎదురుపడితే ఇలా ఉంటుంది.

బోర్డు మీద ఒకే ప్రశ్న: 'ఒకాయన రెండ్రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చాడు. ఏడు నెలలకి తీర్చాడు. వడ్డీ ఎంత?' అయిదు నిమిషాలు ఎవరికి వాళ్లు చేసుకోవాలి, మాట్లాడకూడదు. ఆ తర్వాత పక్కవాళ్లతో పోల్చుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు. అప్పుడు సాధారణంగా మూడు జవాబులు తేలతాయి. ఏడాది రేటు 24 వేసి కాలం 7 వేసినవాళ్లకి 33,600. రేటు 2 వేసి కాలం పన్నెండింట ఏడు వేసినవాళ్లకి 233 రూపాయల 33 పైసలు. ఫార్ములా జోలికే పోకుండా నెలకి నాలుగు వందలు, ఏడు నెలలకి 2,800 అని నోటితో చెప్పేవాళ్లు కొందరు. వీళ్లు తరచుగా వెనక బెంచీలోనే దొరుకుతారు. అదో అప్రతిష్ఠ.

ఇక్కడ ఉపాధ్యాయుడు తక్షణం 'మూడోది కరెక్ట్' అని చెప్పి ప్రమాదాన్ని నివారించాలి. చెప్పకుండా మూడింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకున్నాడంటే కొరివితో తల గోక్కున్నట్టే. ఇరవై వేలకి ఏడు నెలల్లో ముప్పై మూడు వేల వడ్డీ ఏమిటని ఒకడు లేస్తాడు. ఏడు నెలలు వాడుకుని రెండు వందలు ఇస్తే ఎవడు ఊరుకుంటాడని ఇంకొకడు. అంతలో మరో పిల్ల లేచి, రేటు 2, కాలం 7 వేసినా 2,800 వస్తోంది కదా, మరి 24 ఎందుకు అంటుంది. అసలు పాఠం అదే. రేటు నెలదైతే కాలమూ నెలల్లోనే ఉండాలి, ఏడాదిదైతే ఏడాదుల్లోనే ఉండాలి. ఎనిమిది లెక్కలు చేయించినా బయటికి రాని విషయం ఒక్క లెక్కలో బయటపడిందంటే, మిగతా ఏడు లెక్కల గతేం కాను?

ఎవరికీ ఏమీ తోచక తరగతి చప్పబడిపోతే, ఒక్క చిన్న మెట్టు వెయ్యాలి: 'వంద రూపాయలకి ఒక్క నెలకి ఎంత?' అంతకంటే ఎక్కువ చెబితే లెక్క మనదైపోతుంది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కి చదివినవాళ్లందరికీ ఈ సంగతి వేరే రూపంలో కంఠతా వచ్చు. పిల్లవాడు ఒంటరిగా చెయ్యలేక, కాస్త సాయంతో చెయ్యగలిగే మేరని సామీప్య వికాస మండలం అంటారు. ప్రతిపాదించినది ఎవరు? ఒకటి పియాజె, రెండు వైగాట్‌స్కీ, మూడు బ్రూనర్, నాలుగు కోల్‌బర్గ్. రెండు అని గుర్తించడానికి మండలమూ అక్కర్లేదు, సామీప్యమూ అక్కర్లేదు. బిట్ బ్యాంకు చాలు.

హాస్యం పక్కన పెట్టి ఒక్క మాట. ఈ ప్రశ్న వేసేటప్పుడు 'మీ ఇంట్లో ఎవరికి అప్పుంది?' అని మాత్రం అడగకూడదు. జీవితానుసంధానం పేరుతో కొందరు అడుగుతారు. ఒక తల వంగిపోతుంది, ఇక ఆ పీరియడ్‌లో పైకి లేవదు. అప్పు చేసింది 'ఒకాయన' అయితేనే మంచిది. పిల్లలకి ఎవరో తెలుసు.

ఇక నిశ్శబ్దం. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో 1970ల్లో కొలిచింది. దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పని పిల్లలూ విప్పారు. మన దగ్గర ఆ ఒక్క సెకనూ వృథా కాకుండా పూర్వమే ఏర్పాటుంది. 'అప్పు తెచ్చిన సొమ్ముని ఏమంటారు? అస...?' 'అసలూ!' అని అరవై గొంతులు. ప్రశ్నలో ముప్పాతిక జవాబు మనమే చెప్పేస్తే పిల్లలకి మిగిలేది దీర్ఘం ఒక్కటే.

పుస్తకాలు కూడా కుట్రలో భాగమే. 2012 తర్వాత వచ్చిన గణితం పుస్తకాల్లో 'ఆలోచించండి, చర్చించండి, రాయండి' అని డబ్బాలు పెట్టారు. అదృష్టవశాత్తూ వాటికి గైడ్లలో జవాబులు దొరుకుతున్నాయి కనుక మొదటి రెండు పనులూ తప్పాయి. ప్రాజెక్టు పనుల సంగతి చెప్పనే అక్కర్లేదు. చార్టు, స్కెచ్ పెన్నులు, జెరాక్స్ షాపులో దొరికే, అంటించుకునే బొమ్మలు. అమ్మ చేతిరాత బాగుంటే మార్కులూ బాగుంటాయి.

అన్నిటికంటే భయంకరమైనది తొమ్మిదో తరగతిలో డైలీ ఫైనాన్స్ లెక్క. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ ఎంత? తొమ్మిది వేల మీద వెయ్యి, 11 శాతమే కదా అని ముందు తేలిగ్గా చెబుతారు. అది వంద రోజులకే సుమా అంటే, ఏడాదికి 40 అంటారు. అక్కడితో ఆపించెయ్యాలి. ఆపకపోతే ఎవరో ఒకరు 'సార్, కానీ యాభై రోజులకే సగం కట్టేస్తాడు కదా, ఆ తొమ్మిది వేలూ వంద రోజులు ఆయన దగ్గర ఎక్కడున్నాయి?' అంటారు. సగటున చేతిలో ఉన్నది సగమే. అంటే వడ్డీ దాదాపు రెట్టింపు, 80 శాతం దగ్గర. ఈ లెక్కని ఏడో తరగతిలో మొదటిరోజే వేస్తే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూసి ఎక్కించుకుంటారు. నెల లెక్క గట్టిపడ్డాక తొమ్మిదిలో వేస్తే గంట కొట్టినా ఎవరూ లేవరు. గుమ్మం దగ్గర సోషల్ టీచరు చాక్‌పీస్ పట్టుకుని నిలబడి ఉంటారు.

ఆ రోజు రికార్డులో 'పాఠం పూర్తయినదా' అన్న గడిలో 'లేదు' అని రాయాల్సి వస్తుంది. 'కారణం' అన్న గడి చిన్నది. 'డైలీ ఫైనాన్స్' అని రాస్తే సరిపోతుంది.