రిసీవర్ ఒడిశాలో, మైకు ఆంధ్రాలో

మైకు తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పినా పూర్తిగా వినకుండానే "చవకది కొంటే అంతే" అంటున్నారు. కుంకుమ భరిణెకి కొంచెం పెద్దదైన డబ్బా, మూత తీస్తే అందులో బొటనవేలంత, వైరు లేని మైకులు రెండు, వాటి పక్కన ఆ మైకుల మాటని అందుకోడానికి ఫోన్‌కి గుచ్చే రిసీవరు ఒకటి. మైకుని చొక్కాకి తగిలించాలి, రిసీవర్‌ని ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో గుచ్చాలి, మాట్లాడాలి. డబ్బా మీద బొమ్మలో ఒకమ్మాయి నవ్వుతూ అదే పని చేస్తోంది. ఆ అమ్మాయికి మా పెదనాన్న లాంటి పెదనాన్న లేడు.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో, కూరగాయలు ఆంధ్రాలోని పాతపట్నంలో, చుట్టాలు సగం టెక్కలిలో, సగం బరంపురంలో. పెదనాన్న 81 ఏళ్ల రిటైర్డ్ మేస్టారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, అంటే గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, పైగా ఆయన 1880లో మేస్టరీ మొదలుపెట్టింది మా ఊళ్లోనే. కాబట్టి పెదనాన్న చేత ఆ కబుర్లు చెప్పించి వీడియో పెడదామని నా ఆశ. పోయినేడు ఇలాగే తీస్తే పెదనాన్న కంటే సీలింగ్ ఫ్యాను ఎక్కువ మాట్లాడింది. అందుకే ఈ మైకు.

మొదట కండువాకి తగిలించాను. పది సెకన్లు రికార్డు చేసి విన్నాను, గంజి పెట్టిన కండువా కదిలినప్పుడల్లా ఎవరో గోడకి ఇసుక కాగితం పడుతున్నట్టు గరగర. కండువా తీయించి, గడ్డానికి జానెడు కింద, చొక్కా గుండీల పట్టీ మీద పెట్టాను. ఈసారి మెడలో రుద్రాక్షలు వచ్చి మైకుని టకటకమని కొట్టాయి. వాటిని చొక్కా లోపలికి తోయించాను. "ఏట్రా ఇది, పెళ్లికొడుకుని చేస్తన్నావా?" అన్నారాయన. మూడోసారి గొంతు గంటలా పలికింది, కానీ మధ్యలో గోడ మీది ఫొటో చూపించడానికి వెనక్కి తిరిగేసరికి మాట తెగిపోయింది. తర్వాత తెలిసింది, ఈ మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ దారిలో మాటని పంపుతాయిట, వైఫై, బ్లూటూత్ నడిచే దారి కూడా అదే, మనిషి అడ్డొస్తే ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాన్ని మింగేస్తుందిట. పెదనాన్నని వెనక్కి తిరగొద్దని బతిమాలుకున్నాను. గాలికి వేసే బొచ్చు టోపీ కూడా ఒకటి ఇచ్చారు మైకుతో పాటు, దాన్ని మా ఇంటి పిల్లి ఎలకపిల్ల అనుకుని అప్పటికే ఎత్తుకుపోయింది, ఇంకా దొరకలేదు.

ఇంతలో పెదనాన్నకి బీపీ మాత్ర గుర్తొచ్చింది. మాత్ర వేసుకుని, కాఫీ తాగి వస్తానన్నారు. మా ఇంట్లో కాఫీ అంటే పావుగంట. ఈలోగా ఫోన్‌లో ఛార్జింగ్ తగ్గుతోందని రిసీవర్ పీకేసి, అదే రంధ్రంలో ఛార్జర్ గుచ్చాను. ఆయన రాగానే ఛార్జర్ తీసి మళ్లీ రిసీవర్ పెట్టాను. ఫోన్‌ని స్టాండుకి బిగించి, వెలుతురు బాగుందని వంటింటి గడప పక్కన నిలబెట్టాను. రికార్డు నొక్కాను.

నేను మర్చిపోయింది ఒక్కటే. నా ఫోన్‌లో ఓటీజీ అని ఒక మీట ఉంది. అది ఆన్‌లో ఉంటేనే బయటినుంచి గుచ్చినదాన్ని ఫోన్ గుర్తిస్తుంది, ఛార్జర్ తప్ప ఏమీ గుచ్చకుండా పది నిమిషాలు వదిలేస్తే దానంతటదే ఆఫ్ అయిపోతుంది. కాఫీ పావుగంట కదా. అంటే రిసీవర్‌కి కరెంటు లేదు, దాని లైటు ఆరిపోయింది, కానీ అది ఫోన్ అడుగున ఉంది, నా కంటికి ఆనలేదు. చొక్కా మీద మైకు లైటు మాత్రం మిణుకు మిణుకుమంటోంది. జత దొరక్క వెతుక్కుంటోంది పాపం. నేను శ్రద్ధగా వింటోందనుకున్నాను.

పెదనాన్న అదరగొట్టారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు అటు పోయి, పాతపట్నం వైపు పల్లెలు మద్రాసులోనే ఉండిపోయిన సంగతి, తను పుట్టకముందు జరిగినదాన్ని కూడా అరుగు మీద కూర్చుని చూసినట్టే చెప్పారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం గిట్టక గిడుగువారు ఇన్నేళ్ల ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయిన సంగతి చెప్పేటప్పుడు గొంతు కొంచెం వణికింది. సవర భాష కోసం కొండల వెంట తిరిగి, మలేరియా వచ్చి, క్వినైన్ తిని తిని చెవులు పోగొట్టుకున్నారని, అయినా 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చేయించారని చెప్పారు. 1900లో మా ఊరికీ నౌపడాకీ మధ్య మొదలైన కిమిడి చిన్నరైలుని నోటితోనే కూత కూయించి మరీ చూపించారు. మధ్యలో రెండుసార్లు మాట ఆపి వంటింటి వైపు చూశారు, గుర్తు తెచ్చుకుంటున్నారేమో అనుకుని కదిలించలేదు. గంటా ఇరవై నిమిషాలు. అయ్యాక నేను దండం పెట్టాను, ఆయన కండువా వేసుకుని, వీధి చివర ఆటో ఎక్కి కూరలకి పాతపట్నం వెళ్లిపోయారు.

నేను వీడియో తెరిచాను.

తెర మీద పెదనాన్న పెదవులు కదులుతున్నాయి, ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఏదో గొణుగుడు. దాని మీద, నా చెవిలో నోరు పెట్టి చెబుతున్నంత స్పష్టంగా, మా పిన్ని గొంతు.

గడపకి అవతల పీట వేసుకుని గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, బరంపురంలో ఉన్న వాళ్లక్కతో మాట్లాడుతోంది. నా ఫోన్‌కి ఉన్న సొంత మైకు ఆవిడకి మూరెడు దూరంలో ఉంది. నలభై ఏళ్లుగా బావగారి ఎదుట గట్టిగా దగ్గి ఎరగని మనిషి మా పిన్ని.

"ఓలప్పా, ఏటి చెప్పమంటావు, మా బావగారు మళ్లీ 1936 ఎత్తారు. (టిక్.) ఆ యేడు ఇంకా ఎన్నాళ్లు నడుస్తాదో! (టిక్, టిక్.) రైలు ఇంకా బయల్దేరలేదు, అది నౌపడా చేరేదాకా ఈ పూటకి అన్నాలు లేవు. మన గుంటడు ఆయన చొక్కాకి బొద్దింక లాంటిదేదో తగిలించాడు, అది మినుకు మినుకుమంటాది, చూస్తే భయం. ముప్పయ్యేళ్లొచ్చాయి, పెళ్లీ లేదు పెడాకులూ లేదు, మైకులు కొంటాడు."

చిక్కుడుకాయ తుంచిన టిక్కు కూడా ఎంత చక్కగా వచ్చిందంటే, కాయ లేతదో ముదురుదో చెప్పేయొచ్చు. ఆడియో నాణ్యతకి వంక పెట్టడానికి లేదు.

మైకులు డబ్బాలో సర్దేద్దామని చూస్తే ఒక గుంట ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది, రెండో మైకు ఎక్కడుందో. ఫోన్ చేశాను.

"పెదనాన్నా, మైకు మీ చొక్కాకే ఉండిపోయిందేమో చూడండి."

"ఉంది. నువ్వే పెట్టావు, తియ్యమన్లేదు కదా."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పాతపట్నంలో. ఇక్కడ కొట్లో కుర్రాడు దీన్ని చూసి గుండెకి పెట్టిన మిషను అనుకున్నాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. వంకాయలు కూడా ఏరి మంచివే వేశాడు. నేనేం చెప్పలేదు."

అంటే రిసీవర్ ఒడిశాలో, మైకు ఆంధ్రాలో. 1936లో మా ఊరికి జరిగిందే.

సాయంత్రం తిరిగొచ్చారు. మైకు చెమటకి తడిసి జిడ్డోడుతోంది, ఛార్జింగ్ ఎక్కడానికి వెనకాల ఉండే ఇత్తడి రంగు చుక్కల మీద ఉప్పు తేలింది. పిన్ని చూసి బియ్యం డబ్బాలో పడేయమంది. ఫోన్ తడిస్తే బియ్యంలో పెట్టాలని ఎవరు పుట్టించారో గానీ ప్రతి ఇంట్లోనూ అదే మందు, దానివల్ల మాట వెళ్లే సన్నటి రంధ్రాల్లోకి తవుడు దూరడం తప్ప ఒరిగేదేమీ లేదు. కళ్లజోడు తుడిచే పొడిబట్టతో ఆ చుక్కలు మెల్లగా తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి డబ్బాలో పెడితే ఎర్రలైటు వెలిగి బుద్ధిగా ఛార్జింగ్ ఎక్కింది. చెప్పాను కదా, మైకు తప్పేమీ లేదు.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. పెదనాన్న వాలుకుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, "ఏదీ, వినిపించు" అన్నారు.

నేను పిన్ని వైపు చూశాను. ఆవిడకి మధ్యాహ్నమే ఒక ముక్క వినిపించాను లెండి, వినిపించకుండా ఉండాల్సింది, అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడు కూరగిన్నె పట్టుకుని గడపలో నిలబడిపోయింది.

"ఆడియో రాలేదు పెదనాన్నా" అన్నాను. "ఓటీజీ అని ఒకటుంటుంది, అది ఆఫ్ అయిపోయింది."

"అస్సలు రాలేదా?"

"మీది రాలేదు."

నోరు జారింది. ఆయన కళ్లజోడు తీసి, కండువా అంచుతో చాలాసేపు తుడిచారు.

"పోనీలే, మళ్లీ చెబుతాను. ఈసారి 1936 నుంచి కాదు, పంతులుగారు పుట్టిన 1863 నుంచి మొదలెడదాం."

గడపలో గిన్నె చప్పుడైంది.

"అన్నట్టు ఆ డబ్బాలో మైకులు రెండున్నాయి కదరా" అన్నారు పెదనాన్న, అటు చూడకుండానే. "రెండోది మీ పిన్నికి పెట్టు. నేను రైలు నౌపడా చేర్చేదాకా ఆవిడ మాత్రం ఎంతసేపని గొంతు తగ్గించి మాట్లాడుతుంది."