మిట్ట ఎక్కడానికి పడుచు వయసు అక్కర్లేదు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అప్పటికే దాన్ని ఇంకో మూడు గ్రూపుల్లో చూశాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "తిరుపతి, చిత్తూరు లాంటి కొండ ఊళ్ళలో సైకిల్ పనికిరాదు. ఎత్తు ఎక్కాలంటే పడుచు వయసుండాలి, ముప్పై వేల రూపాయల గేర్ల సైకిలుండాలి. ముందే బాగా స్పీడు అందుకుని, లేచి నిలబడి, ఒకే ఊపులో ఎక్కెయ్యాలి. మధ్యలో దిగితే ఓడినట్టే. రోజూ ఎత్తులు తొక్కితే నలభై దాటేసరికి మోకాళ్ళు అరిగిపోతాయి. దిగేటప్పుడు మాత్రం శ్రమ లేదు, సైకిల్ దానంతటదే పోతుంది."

మామూలుగా ఇలాంటివి చదివి వదిలేస్తాను. కానీ మొన్న కింది ఫ్లోర్‌లో ఉండే చెల్లెలు వాళ్ళ అబ్బాయి సైకిల్ అమ్మకానికి పెట్టింది. పిల్లవాడు తొమ్మిదో తరగతి. "మోకాళ్ళు పోతాయంట కదక్కా, వాడికి స్కూటీ నేర్పిస్తాం" అంది. లైసెన్సు వయసు కూడా రాని పిల్లవాడి చేతికి స్కూటీ! ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. నాకిప్పుడు 51 ఏళ్ళు. పదకొండేళ్ళుగా కపిలతీర్థం దాటి అలిపిరి వైపు ఎక్కే రోడ్డు మీదుగా రోజూ సైకిల్ మీదే పనికి పోతున్నాను. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు చెప్తున్నాను.

మొదట ఆ "కొండ ఊరు" సంగతి. మనవాళ్ళు ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అని ఊరికే అనలేదు. మనం ఉండేది దిగువ తిరుపతిలో, కొండ కింద. ఊళ్ళో చాలా రోడ్లు చదునుగానే ఉంటాయి. ఎత్తులన్నీ కొండ వైపు పోయే రోడ్ల మీద, వంతెనల మీద. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉంది నిజమే, కానీ ఎవరూ రోజూ కూరగాయలకు మొగిలి ఘాట్ ఎక్కి వెళ్ళరు. ఘాట్ రోడ్లను చూపించి ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళను భయపెట్టడం న్యాయం కాదు.

ఇక పడుచు వయసు. దీనికి జవాబు అలిపిరి మెట్ల దారిలో రోజూ కనిపిస్తుంది. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువుగా ఉంటుంది. కుర్రాళ్ళు రెండేసి మెట్లు దూకుతూ పరుగుపెట్టి, కాసేపటికే పక్కన కూలబడి రొప్పుతుంటారు. అరవై దాటిన అవ్వ ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, గోవిందా అనుకుంటూ వాళ్ళను దాటి పోతుంది. ఆ అవ్వ కాళ్ళలో కుర్రాళ్ళకంటే ఎక్కువ బలం ఉందా? లేదు. ఆమె తన ఊపిరి ఎంత ఓపితే అంతే నడుస్తోంది.

సైకిల్‌కూ ఇదే లెక్క. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే కాళ్ళు సుమారు 130 వాట్ల శక్తి ఇస్తూ ఉండాలి. అలవాటు లేనివాళ్ళకు అది కష్టమే. అదే రోడ్డు మీద 6 కిలోమీటర్ల వేగానికి తగ్గితే 75 వాట్లు చాలు. చదును రోడ్డు మీద గంటకు 17, 18 కిలోమీటర్లు పోయేటప్పుడు మనం పెడుతున్నది దాదాపు అంతే. అంటే రోడ్డు అదే, కాళ్ళు అవే, వేగం తగ్గించుకుంటే శ్రమ ఇంచుమించు సగమైంది. పక్కన తోడుగా వచ్చే మనిషితో రెండు మాటలు మాట్లాడగలిగితే మన వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగుతోందంటే తగ్గాలి.

"ముందే స్పీడు అందుకోవాలి" అన్నదాన్ని చాలామంది నమ్ముతారు, నేనూ ఒకప్పుడు నమ్మాను. లెక్క వేసి చూడండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మిట్ట మొదలు దగ్గరికి వచ్చామనుకుందాం. ఆ ఊపు మొత్తం ఎత్తుగా మారినా మనల్ని లేపేది ఒకటిన్నర మీటర్ల పైచిలుకు, అంతే. కల్వర్టు దాటడానికి సరిపోతుంది. రైలు పట్టాల మీది వంతెనకు ఏం సరిపోతుంది? పైగా కింద స్పీడు కోసం గసపెట్టుకుని వస్తే, అసలు ఎక్కాల్సిన చోట ఊపిరి చాలదు. నేను మిట్టకు యాభై అడుగుల ముందే నెమ్మదిస్తాను.

లేచి నిలబడి తొక్కడం తప్పని అనను. పది పదిహేను తొక్కుల పాటు, రోడ్డు హఠాత్తుగా లేచిన చోట, పనికొస్తుంది. మిట్ట పొడుగునా నిలబడితే ఒంటి బరువు కూడా కాళ్ళే మొయ్యాలి, తొందరగా అలసిపోతాం. కొందరు రోడ్డుకు అడ్డంగా అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ ఎక్కుతారు. అలా చేస్తే వాలు తగ్గే మాట నిజమే, కానీ వెనక నుంచి కొండకు పోయే బస్సులు, జీపులు వస్తుంటాయి. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఎడమ అంచున నిలకడగా పోవాలి, అది కుదరనంత నిదానం అయిపోతే దిగాలి.

గేర్ల సైకిల్ గురించి చెప్పే మాటలో కొంత నిజం ఉంది. నాది పాతకాలపు నల్ల సైకిల్. పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక చక్రం మధ్యలో చైన్ తిప్పే ఫ్రీవీల్‌కు 18. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ ఐదు మీటర్లకు పైగా పోతుంది. చదునులో హాయిగా ఉంటుంది కానీ ఎత్తులో మాత్రం ప్రతి తొక్కూ బస్తా ఎత్తినట్టుండేది. గేర్ల సైకిల్ కొనాలా అని మా వీధి చివర షాపులో అడిగితే ఆ మెకానిక్ అన్న వద్దన్నాడు. "మేడం, 22 పళ్ళ ఫ్రీవీల్ ఏస్తా. మిట్ట తేలిగ్గా ఎక్కుతాది. కిందికొచ్చినాక మాత్రం స్పీడు కొంచెం తగ్గుతాది, పర్లేదా?" అన్నాడు. పర్లేదన్నాను. పాత ఫ్రీవీల్ విప్పి కొత్తది బిగించాడు. చైన్ చాలలేదు, రెండు లింకులు కలిపాడు. అరగంట పని. ఇప్పుడు ఒక్క చుట్టుకు నాలుగున్నర మీటర్లే పోతుంది. మర్నాడు అదే రోడ్డు ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి చెయ్యేసి తోసినట్టు అనిపించింది.

గేర్లున్న సైకిల్ ఉంటే ఇంకా మంచిదే. ముందు అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం, వెనక అన్నిటికంటే పెద్దది. ఎక్కేటప్పుడు పెట్టాల్సింది ఆ రెండే. అయితే మిట్ట మధ్యలో, బలంగా తొక్కుతూ గేర్ మారిస్తే చైన్ కటకటలాడి జారిపోతుంది. వాలు మొదలవక ముందే మార్చుకోవాలి. ఖరీదైన సైకిల్ కొని, పెద్ద గేర్‌లోనే ఉంచి, చెమటలు కక్కుతూ తొక్కే పిల్లల్ని రోజూ చూస్తున్నాను. చూసినప్పుడల్లా ఆపి చెప్పాలనిపిస్తుంది. రెండుసార్లు ఆపి చెప్పాను కూడా.

దిగి నడిపిస్తే ఓడినట్టు అన్నారు. నాకు ఆ మెసేజ్‌లో అన్నిటికంటే బాధ కలిగించింది ఈ మాటే. ఎవరితో పోటీ? పాలక్యాన్లు కట్టుకున్నవాళ్ళు, గ్యాస్ బండ వేసుకున్నవాళ్ళు మిట్ట వచ్చిందంటే దిగి తోసేవాళ్ళు, పైకి చేరాక ఎక్కి పోయేవాళ్ళు. వాళ్ళ పని ఆగలేదు. గంటకు ఐదు కిలోమీటర్లకు తగ్గితే సైకిల్ ఊగుతుంది, అంతకంటే నడక నయం.

మోకాళ్ళ గురించి భయపడేవాళ్ళు చాలామంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకు తెలుసు, మోకాలి మీద బరువు పడటం అంటే ఏమిటో. అక్కడ ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. సైకిల్ మీద ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు డాక్టర్లు కదలని సైకిల్ తొక్కమని చెప్పేది ఇందుకే. మరి ఎత్తు ఎక్కితే నొప్పి వచ్చిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్తున్నారా? కాదు. వాళ్ళ నొప్పికి రెండు కారణాలు నేను ఎక్కువగా చూశాను. ఒకటి, బరువైన గేర్‌లో నిమిషానికి పాతిక ముప్పై చుట్లు మాత్రమే తిప్పుతూ ప్రతి తొక్కూ బలంగా నొక్కడం. నిమిషానికి అరవైకి పైగా తేలిగ్గా తిరిగేలా ఉంటే మోకాలికి అంత ఒత్తిడి ఉండదు.

రెండోది సీటు. మన ఊళ్ళో నూటికి తొంభై మంది సీటు బాగా కిందికి దించి తొక్కుతారు, కూర్చుని ఉండగానే రెండు పాదాలూ నేలకు ఆనాలని. అలా ఉంటే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడుచుకుపోయి, ఆ మడతలోనే బలం పెట్టాల్సి వస్తుంది. ఇలా సరిచూసుకోవచ్చు: గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. తర్వాత మడమ బదులు పాదం ముందు భాగం పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సిగ్నల్ దగ్గర సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలి, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అప్పటికీ నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళయితే మొదలుపెట్టే ముందే అడగాలి.

చివరి మాట, దిగేటప్పుడు శ్రమ లేదన్నది, వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే అలసిపోతాం, అంతే. దిగేటప్పుడు తప్పు చేస్తే ఎముకలు విరుగుతాయి. వేగం 20 నుంచి 40కి పోతే బ్రేకు ఆపాల్సిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. నవంబరులో మన దగ్గర వానలు బాగా పడతాయి. ఒకసారి అలాంటి తడి సాయంత్రం దిగుతూ బ్రేకు నొక్కితే రబ్బర్లు రిమ్ము మీద జర్రున జారాయి. తడి తుడుచుకుపోయి పట్టు దొరికేసరికి రెండు కరెంటు స్తంభాల దూరం వెళ్ళిపోయాను. ముందు ఆటో ఆగి ఉంది. దాని వెనక బంపరు నా ముందు చక్రానికి జానెడు దూరంలో నిలిచింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచీ వానలో దిగేముందు రెండుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి రిమ్ములు తుడుచుకుంటాను. ఒళ్ళు కాస్త వెనక్కి జరుపుతాను. రెండు బ్రేకులూ కలిపి, వదులుతూ పడుతూ, మలుపులోకి వెళ్ళక ముందే వేగం తగ్గిస్తాను. రబ్బర్ల మీది గీతలు అరిగిపోయాయేమో నెలకోసారి చూస్తాను.

ఆ మెసేజ్ రాసినవాళ్ళు ఎండ గురించి ఒక్క ముక్క రాయలేదు. తిరుపతిలో సైకిల్‌కు నిజమైన కష్టం అదే. మేలో కొండ రాళ్ళు సాయంత్రం ఏడింటికి కూడా సెగ కక్కుతుంటాయి. ఆ ఎండల రోజుల్లో నేను ఉదయం ఏడులోపే పని దగ్గరికి చేరిపోతాను, మంచినీళ్ళ సీసా, ఉప్పేసిన మజ్జిగ లేకుండా బయల్దేరను. మధ్యాహ్నం రెండింటికి మిట్ట ఎక్కమని ఎవరికీ చెప్పను.

పిల్లవాడి సైకిల్ ఇంకా అమ్ముడుపోలేదు. నిన్న సాయంత్రం కిందికి దిగి చూశాను. సీటు అడుగంటా దించి ఉంది, గేర్ పెద్దదాంట్లోనే ఇరుక్కుని ఉంది. సీటు నాలుగు వేళ్ళ మేర పైకి లేపి బిగించాను. ఆదివారం ఆరింటికి వాణ్ణి అలిపిరి వైపు తీసుకెళ్తానని వాళ్ళమ్మతో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముందు ఆ బ్రేకులు కూడా ఒకసారి చూడక్కా" అంది.