భిన్నాలు కూడాలంటే క.సా.గు. నిజంగా అక్కర్లేదా?

భిన్నాల కూడికకు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే హారాలన్నీ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) అక్కర్లేదంటూ ఒక వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: హారాలు రెండూ గుణించి కింద వేయండి, అడ్డంగా గుణించగా వచ్చిన రెండు సంఖ్యలూ కలిపి పైన వేయండి. సీతాకోకచిలుక రెక్కల్లా గీతలు గీస్తే పిల్లలు మరిచిపోరు. ఏ భిన్నాలకైనా ఐదు సెకన్లలో జవాబు. ఇది వేదకాలపు పద్ధతి, బళ్లో నేర్పే క.సా.గు. టైమ్ వేస్ట్. ఆరో తరగతికి లెక్కలు చెప్పే నాకు ఈ నెలలోనే నలుగురు తల్లిదండ్రులు దీన్ని పంపారు. పిల్లల మీద ప్రేమతోనే పంపారు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

“ఉమ్మడి హారంతో పనే లేదు.”

మరి ఆ హారాల లబ్ధం ఏమిటి? అదే ఉమ్మడి హారం. 2/3, 1/4 తీసుకోండి. 3ను 4తో గుణిస్తే 12. 2/3 అంటే 8/12, 1/4 అంటే 3/12, మొత్తం 11/12. అడ్డంగా గుణించినప్పుడు వచ్చే 8, 3 ఇవే. కాబట్టి జవాబు తప్పు రాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. కానీ 8/12, 3/12 అనే మెట్టు వీడియోలో ఎక్కడా కనిపించదు. పిల్లలకు కనిపించాల్సింది ఆ మెట్టే. మూడో వంతు ముక్క, నాలుగో వంతు ముక్క ఒకే సైజువి కావు, సైజు ఒకటి చేశాకే లెక్కపెట్టగలం. ఇది తెలియని పిల్లలు రెక్కల బొమ్మ మరిచిపోయిన రోజు 1/2 + 1/3 = 2/5 అని రాసేస్తారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం కూడా రాదు.

“ఏ భిన్నాలకైనా ఇదే త్వరగా అవుతుంది.”

ఇక్కడ మన పెద్దవాళ్లు వాడిన డబ్బు లెక్క గుర్తు చేస్తాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. పావలా అంటే రూపాయిలో 1/4, బేడ అంటే 1/8, అణా అంటే 1/16. పావలా, బేడ, అణా కలిపితే ఎంత? నాలుగు, రెండు, ఒకటి, మొత్తం ఏడణాలు. 7/16. బడి మొహం చూడని వాళ్లు కూడా సంతలో నిలబడి నోటితో చెప్పేసేవాళ్లు. వాళ్లు అన్నిటినీ అణాల్లోకి మార్చుకున్నారు. 4, 8, 16ల క.సా.గు. అదే కదా! వీడియో చెప్పినట్టు మూడు హారాలూ గుణిస్తే 512. 128, 64, 32 కలిపి 224/512 అని రాసి, ఆ తర్వాత 32తో కొట్టేస్తే గానీ 7/16 రాదు. రూపాయిని 512 ముక్కలు చేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

రెండే భిన్నాలున్నా ఇదే కష్టం. 7/24 + 5/36 చూడండి. అడ్డ గుణకారంతో 252, 120 కలిపి 372/864. దాన్ని 12తో సూక్ష్మీకరించాలి, ఆ 12 ఎవరు పట్టుకోవాలి? క.సా.గు. 72 తీసుకుంటే 21, 10 కలిపి 31/72, అంతే. క.సా.గు. దగ్గర తప్పించుకున్న పని చివర్లో గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే పైనా కిందా కొట్టేయగల అతి పెద్ద సంఖ్య) రూపంలో ఎదురొస్తుంది, అదీ పెద్ద సంఖ్యలతో. హారాలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనప్పుడు మాత్రం రెండు పద్ధతులూ ఒకటే. అప్పుడు నేనూ నేరుగా గుణించమనే చెబుతాను. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. 3/8 + 1/8 లాంటి సజాతి భిన్నాలకు కూడా 24, 8 కలిపి 32/64 అని వేస్తున్న నోటుబుక్కులు ఈ మధ్య చూస్తున్నాను. హారాలు ముందే ఒకటిగా ఉన్నాయని కూడా ఆ పిల్లలు గమనించడం లేదు.

“తీసివేతకూ ఇదే.”

వరస తప్పకపోతే ఇదే. 3/4 − 1/6లో 18లోంచి 4 తీసేయాలి. ఏ రెక్క ముందో గుర్తులేని పిల్లలు 4లోంచి 18 తీయబోయి ఆగిపోతారు. 9/12, 2/12 అని రాసుకుంటే ఆ టెన్షనే ఉండదు.

“ఇది వేదకాలపు పద్ధతి.”

ఒకదాని హారంతో రెండోదాని లవహారాలు గుణించే పద్ధతి బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రాసిన గ్రంథంలో ఉంది. అది వేదం కాదు, గణిత, ఖగోళ శాస్త్ర గ్రంథం. అంతకంటే ముఖ్యమైన విషయం, మన గణితవేత్తలు అక్కడితో ఆగలేదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘నిరుద్ధం’ అనే పేరుతో క.సా.గు.ను నిర్వచించి, భిన్నాల పని తగ్గించడానికే దాన్ని వాడాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. పూర్వీకుల మీద గౌరవంతో క.సా.గు.ను వదిలేయమంటే, వాళ్లు సాధించినదాన్నే వదిలేయమన్నట్టు.

“బళ్లో క.సా.గు. టైమ్ వేస్ట్.”

హైస్కూల్లో 1/(x+1) + 1/(x²−1) లాంటివి వస్తాయి. x²−1లో x+1 కారణాంకంగా ఉందని చూడగలిగితే పైన x−1, 1 కలిపి x/(x²−1) ఒక్క లైన్లో వచ్చేస్తుంది. అడ్డంగా గుణిస్తే పైన x²+x, కింద (x+1)(x²−1). అక్కడి నుంచి ఏది కొట్టేయాలో తెలియాలంటే కారణాంకాలు వెతకడం అలవాటై ఉండాలి. ఆ అలవాటు పిల్లలకు మొదట పడేది ఆరో తరగతిలో, 24కూ 36కూ క.సా.గు. కడుతున్నప్పుడు.