రాయి పడేదాకా కొడుతూనే ఉండాలా?

మా మేనల్లుడు ఫోన్‌లో స్నేహితుడితో మాట్లాడుతున్నాడు. ‘రాత్రంతా ఫార్మింగ్ చేసినా రా, ఒక్కటి కూడా పడలేదు’ అన్నాడు. పక్కన కూచుని చెనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తి, ‘ఎన్నడుగులు ఏసినారు?’ అని అడిగింది. ఆమె బోరు సంగతి అనుకుంది. చిత్తూరు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి, రాత్రంతా కష్టపడినా పడనిది నీళ్లు తప్ప ఇంకేముంటుంది?

వాడికి పడనిది టైటనైట్ స్లాబ్. డార్క్ సోల్స్ అనే వీడియో గేమ్‌లో మామూలు కత్తిని ప్లస్ 14 నుంచి ప్లస్ 15కు, అంటే ఆఖరి మెట్టుకు ఎక్కించే రాయి అది. ఖాయంగా దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి గానీ చాలా తక్కువ. వాటిలో దొరికింది మొదటి కత్తికి వాడేశాడు. ఇప్పుడు రెండో కత్తి మీద మోజు పుట్టింది. ఇక చేసేదేముంది, న్యూ లోండో అనే మునిగిన ఊరి అడుగున నీళ్లు తీశాక బయటపడే డార్క్‌రైత్‌లనే శత్రువులను చంపడం, బాన్‌ఫైర్ అనే మంట దగ్గర కూచుని సేదతీరడం, దాంతో అవి మళ్లీ లేస్తే మళ్లీ చంపడం. ఇలా వస్తువు పడేదాకా ఒకే శత్రువును చంపుతూ ఉండటాన్నే ఆటగాళ్లు ఫార్మింగ్ అంటారు. వస్తువులు ఎక్కువ పడేలా చేసే ఉంగరమూ వేలికి పెట్టాడు. అయినా పడలేదు.

లెక్క సులువుగా ఉండాలని, రాయి పడే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. నూరుసార్లు చంపితే పడి తీరాలని మనసు అంటుంది. పడదు. నూరుసార్లు చంపాక కూడా నూటికి 37 మంది ఖాళీ చేతులతోనే ఉంటారు. 300 సార్లు కొట్టినవాళ్లలో ఇంకా 5 మంది మిగులుతారు. మరోపక్క సగం మందికి 69 సార్లలోపే పడిపోతుంది. ఒక్కో చుట్టుకు రెండు నిమిషాలు వేసుకుంటే, వాళ్ల పని రెండుంబావు గంటల్లో అయిపోయినట్టే. ‘ఏముంది రా అందులో, నాకు సాయంత్రం కూచుంటే పడింది’ అనేది ఈ సగంలోని వాళ్లే. అలా అనేవాడు అబద్ధం చెప్పడు, పడనివాడికి చేతకాక కాదు. కానీ ఒకే ఆటలో ఒకడికి సాయంత్రం పట్టింది ఇంకొకడికి పదిహేను గంటలు పడుతుంది. ఆ తేడాలో నైపుణ్యం పాలు సున్నా.

నా గొడవ ఇక్కడే. తిరుపతివాళ్లకు దీన్ని వివరించడం తేలిక. మనకు క్యూ తెలుసు, లక్కీ డిప్పూ తెలుసు. సర్వదర్శనం క్యూలో కంపార్ట్‌మెంట్‌లో ఎన్ని గంటలు కూచున్నా గేటు తీసినప్పుడల్లా ముందుకే జరుగుతాం. కూచున్న ప్రతి గంటా దర్శనానికి దగ్గర చేస్తుంది. ఆర్జిత సేవల డిప్ పద్ధతి వేరు. పేరు నమోదు చేసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు, తగిలితే స్వామి దయ, లేకపోతే మన పని మనం చూసుకుంటాం. రెండూ న్యాయమే. ఒకదానికి ఓపిక అడుగుతారు, ఇంకోదానికి అదృష్టం. అరుదైన రాళ్ల ఫార్మింగ్‌లో మాత్రం ఆటగాణ్ని క్యూలో నిలబెట్టి, చివర్లో డిప్ తీస్తున్నారు. డిప్‌లో పేరు రాకపోతే మళ్లీ క్యూ మొదటికి పంపుతున్నారు.

రాళ్లు అసలు అరుదుగా ఉండకూడదని నేను అనడం లేదు. 2009లో వచ్చిన డీమన్స్ సోల్స్‌ను నేను సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ 3లో, బైరాగిపట్టెడలో అద్దె గదిలో ఆడాను. అందులో ప్యూర్ బ్లేడ్‌స్టోన్ అనే అరుదైన రాయి ఒకటుంది. ష్రైన్ ఆఫ్ స్టార్మ్స్ అనే చోట ఒక నల్ల అస్థిపంజరం దగ్గర పడుతుంది, పడితే. ఆ లోకం స్వభావాన్ని నలుపు వైపు తిప్పుకుంటే శత్రువులు మొండికేస్తారు గానీ వస్తువులు పడే అవకాశం పెరుగుతుంది. అది కూడా చేశాను. మొదట్లో ఆ అస్థిపంజరం నన్ను చంపని రాత్రి లేదు. ఇరవై, ముప్పై సార్లయ్యాక దాని భుజం కదిలితే చాలు, కత్తి ఎటునుంచి వస్తుందో తెలిసిపోయేది. అంతవరకూ రాయి పడకపోయినా బాధ లేదు, ఎందుకంటే చేతికి ఏదో ఒకటి వస్తోంది. ఆ తర్వాత నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఒక చేత్తో టీ తాగుతూ చంపేవాణ్ని. శత్రువు నుంచి నేర్చుకునేది అయిపోయాక ఇంకా వందసార్లు చంపించడం కష్టమైన ఆట అనిపించుకోదు, ఊరికే కాలయాపన. ఆ రాయి నాకు పడనే లేదు. కన్సోల్ అమ్మేసినప్పుడు సేవ్ ఫైల్‌తో పాటు ఆ ఆశా పోయింది.

ఈ రెండు ఆటలూ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీయే తర్వాత తన పద్ధతి మార్చుకుంది. 2022 నాటి ఎల్డెన్ రింగ్‌లో గనుల్లోని బాసులను కొట్టి, అక్కడక్కడా వెతికి, మైనర్స్ బెల్ బేరింగ్‌లనే వస్తువులు సంపాదిస్తే, వాటిని రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలోని కొట్లో ఇవ్వొచ్చు. ఇక ఆ స్థాయి రాళ్లు రూన్‌లు, అంటే ఆటలోని డబ్బు, పెట్టి ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవడమే. ప్లస్ 24 నుంచి 25కు ఎక్కించే ఏన్షెంట్ డ్రాగన్ స్మితింగ్ స్టోన్ మాత్రం అలా ఎన్నంటే అన్ని అమ్మరు, వాటిని లోకంలో లెక్కపెట్టి దాచారు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. రాయి అరుదుగానే ఉంది, కానీ దాన్ని వెతకాలి, పాచికలు వేస్తూ కూచోనక్కర్లేదు. ఏ కత్తికి వాడాలో ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆలోచనే ఒక ఆట.

మాన్‌స్టర్ హంటర్: వరల్డ్ ఇంకో దారి పట్టింది. అందులో జెమ్‌లనే వస్తువులు పడటం గగనమే, కానీ గోల్డ్ వివేరియన్ ప్రింట్‌లనే టోకెన్లు కూడబెట్టి, వాటికి బదులు జెమ్‌లు తీసుకోవచ్చు. ఆట మన కష్టాన్ని ఎక్కడో ఖాతాలో రాసుకుంటోందన్న భరోసా ఉంటే, ఇంకో పదిసార్లు కొట్టడానికి విసుగు రాదు.

అయితే అన్నీ కొట్లో అమ్మేస్తే సరిపోతుందా అంటే, దానికి జవాబు డయాబ్లో 3 ఎప్పుడో ఇచ్చింది. 2012లో ఆ ఆట వచ్చినప్పుడు ఆటగాళ్లు తమకు దొరికిన ఆయుధాలను నిజమైన డబ్బుకు వేలంలో అమ్ముకునే ఏర్పాటు పెట్టారు. బాగా ఆడి సంపాదించాల్సింది బాగా వెతికి కొనుక్కోవడంగా మారింది. రాక్షసుణ్ని చంపి, పడింది చూసి మురిసే ఘడియే పోయింది. చివరికి 2014 మార్చి 18న వేలం కట్టిపెట్టారు, వస్తువులు పడే పద్ధతినీ మార్చారు. అంగడిలో ఎప్పుడూ దొరికేదాన్ని అడవిలో వెతకడం ఎవరికి సరదా?

వేలంలో కనీసం ఆటగాడు ఆటగాడికి అమ్మాడు. ఫోన్లలో ఇప్పుడు అమ్ముడుపోయేది ఎదురుచూపే. గెన్షిన్ ఇంపాక్ట్‌లో పాత్రల బలం పెంచే ఆర్టిఫాక్ట్‌ల కోసం ఒక చుట్టు వేస్తే 20 రెజిన్, అంటే ఆటలో మెల్లగా నిండే ఒక ఇంధనం, ఖర్చవుతుంది. రెజిన్ ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున నిండుతుంది, అంటే ఒక్క చుట్టుకు రెండు గంటల నలభై నిమిషాల నిరీక్షణ. వచ్చినదాంట్లో ఏ గుణాలుంటాయో మళ్లీ అదృష్టం. ఆగలేకపోతే ప్రైమోజెమ్‌లనే ఆట నాణేలతో రెజిన్ నింపుకోవచ్చు, ప్రైమోజెమ్‌లను డబ్బుతో తెచ్చుకోవచ్చు. అదే ఆటలో పాత్రల కోసం తీసే డిప్‌కు 90వ సారికల్లా ఐదు నక్షత్రాల అరుదైన పాత్ర ఖాయమనే హామీ ఉంది. కష్టాన్ని లెక్కపెట్టడం వాళ్లకు చేతకాక కాదన్నమాట. ఎక్కడ లెక్కపెట్టాలో, ఎక్కడ మరిచిపోవాలో వాళ్లే తేల్చుకుంటారు. దాహం పుట్టించేవాడే నీళ్ల ట్యాంకర్ నడిపితే ఊళ్లో బోరు ఎప్పుడు పడుతుంది?

అందుకే డబ్బుతో ముడిపడ్డ ప్రతి డిప్ పక్కనా అవకాశం ఎంతో అంకెల్లో రాయాలని అడగడం అత్యాశ కాదు. చైనా 2017 నుంచే ఆ నియమం పెట్టింది. బెల్జియం 2018లో డబ్బుకు అమ్మే లూట్ బాక్సులను, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలను, జూదం కిందే లెక్కగట్టింది. డబ్బు ప్రస్తావన లేని మా వాడి డార్క్ సోల్స్ లాంటి ఆటల జోలికి చట్టం రావాలని నేను అనను. అక్కడ పోయేది నిద్రే, అది వాడి సొంతం.

ఎన్నిసార్లు చంపాడో కాగితం మీద గీతలు గీసుకోమని వాడికి చెప్పాను. లెక్క కళ్లెదుట ఉంటే ఎక్కడో ఒకచోట ఆగుతాడని నా ఆశ. నిన్న రాత్రికి 212 గీతలయ్యాయి. నూటికి ఒకటి లెక్కన ఇన్నిసార్లు కొట్టినా పడనివాళ్లు నూటికి 12 మంది దాకా ఉంటారప్పా అని ఓదార్చబోయాను. ‘ఆ పన్నెండు మందిలో నేనే ఎందుకుండాల మామా?’ అన్నాడు. మా అమ్మ మాత్రం రోజూ పొద్దున అడుగుతూనే ఉంది, కనీసం తడైనా తగిలిందా అని.